మిరాండా మీద దిగడం: ఆర్బిటర్ సిమ్యులేటర్ సమీక్ష

మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేసిన ఆర్బిటర్ అనే అంతరిక్షయాన సిమ్యులేటర్ నేటికీ ఉచితంగానే లభిస్తోంది. 2021 నుంచి దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంది. చంద్రుడి మీద దిగడం గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంట్లో పాత కంప్యూటర్ మీద నేను దీనిని యురేనస్ ఉపగ్రహమైన మిరాండాతో పరీక్షించాను.

మిరాండా వ్యాసం సుమారు 470 కిలోమీటర్లు, అంటే హైదరాబాదు నుంచి బెంగళూరుకు గీసిన సరళరేఖ కంటే తక్కువ. దాని పలాయన వేగం గంటకు దాదాపు 700 కిలోమీటర్లే కనుక, శంషాబాదులో ఎక్కిన విమానం పైకి చేరాక పుంజుకునే వేగం అక్కడైతే శాశ్వతంగా వెళ్ళిపోవడానికి సరిపోతుంది. ఇంత బలహీనమైన గురుత్వాన్ని ఆర్బిటర్ ఎక్కడా సడలించకుండా లెక్కగడుతుంది, దాని గొప్పతనమంతా నాకు అక్కడే కనిపించింది. ఆర్బిటర్‌లోని డెల్టా గ్లైడర్ అనే నౌకను వంద మీటర్ల ఎత్తున నిలిపి ఇంజన్లన్నీ ఆపివేస్తే, నేలను తాకడానికి దాదాపు 50 సెకన్లు పట్టింది. భూమి మీదైతే అయిదు సెకన్లు కూడా పట్టదు. దిగిన ఆనందంలో నా వేలు పొరపాటున నౌకను నిటారుగా పైకి లేపే హోవర్ మీట మీద పడేసరికి, సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో లేచిన నౌక మళ్ళీ నేలకు దిగడానికి నిమిషంన్నర దాటింది, ఈలోగా నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఇక్కడ దిగడమంటే పడిపోకుండా ఆపుకోవడం కాదు, రేవుకు పడవను ఆనించడం వంటిది.

ఉపరితలం చూసి మురిసిపోవాలనుకునేవారు మాత్రం ఆశలు తగ్గించుకోవాలి. ఇరవై కిలోమీటర్ల దాకా ఉండవచ్చని అంచనా వేసిన వెరోనా రూపెస్ కొండచరియ కోసం నేనూ వెతికాను. అయితే 1986 జనవరి 24న వాయేజర్-2 పక్కనుంచి సాగిపోయినప్పుడు ఎండ పడి కెమెరాకు చిక్కింది దక్షిణార్ధం మాత్రమే, ఆ తర్వాత మరో నౌక అటు వెళ్ళలేదు. కాబట్టి ఉత్తరార్ధం విషయంలో ఏ సిమ్యులేటర్‌నూ తప్పుపట్టలేము.

జాయ్‌స్టిక్ కొనవలసిన అవసరం లేదు. నౌకను నడిపే ముఖ్య నియంత్రణలు నంబర్ ప్యాడ్ మీదే ఉండటంతో, సికింద్రాబాదులోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్ళి అది ఉన్న మామూలు కీబోర్డు ఒకటి తెచ్చుకున్నాను. ఈ ఉచిత ప్రయాణానికి అయిన ఖర్చు అంతే.