పిన్‌యిన్ శిక్షణా, అక్షర నిర్మాణ శిక్షణా?

డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన సమస్య) ఉన్న పిల్లలకు చైనీస్ నేర్పదలచిన సింగపూర్ ఉపాధ్యాయులు ఈ రెండింటిలో దేనితో మొదలుపెట్టాలి? చైనీస్ ఉచ్చారణను రోమన్ లిపిలో రాసే, 1958లో చైనా ఆమోదించిన పద్ధతైన పిన్‌యిన్ బోధన త్వరగా వంటబడుతుంది. కానీ ఇంగ్లిషు అక్షరాల దగ్గరే తడబడే పిల్లవాడికి అవే అక్షరాలు వేరే ధ్వనులతో ఎదురైతే భారం రెట్టింపవుతుంది.

రెండవదైన అక్షర నిర్మాణ శిక్షణ చైనీస్ అక్షరాన్ని భాగాలుగా విడదీసి చూడడం నేర్పుతుంది. ‘ఛింగ్’ అనే ధ్వనినిచ్చే భాగానికి ఎడమన నీటి గుర్తు చేరితే ‘స్వచ్ఛం’, సూర్యుడు చేరితే ‘నిర్మలాకాశం’, మాట గుర్తు చేరితే ‘దయచేసి’ అవుతుందని రంగు కాగితపు ముక్కలు పేర్చి చూపినప్పుడు, గీతల గుంపుగా కనిపించినదే పిల్లవాడికి అర్థవంతమైన కూర్పుగా తోస్తుంది. దీనికి సాధన ఎక్కువ కావాలి, పైగా ధ్వని భాగం అన్నిచోట్లా సరైన ఉచ్చారణ చెప్పదు. అయినా నేను దీన్నే ముందు తీసుకోమంటాను. పిన్‌యిన్‌ను తర్వాత జోడించుకోవచ్చు.