నవల చంకన పెట్టుకుని ఇటలీలో పదకొండు రోజులు

మా అక్కకూ నాకూ ఉన్న ఉమ్మడి బలహీనత డిటెక్టివ్ నవలలు. చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకున్న పుస్తకాల్లో చివరి పేజీలు చిరిగిపోయి ఉంటే, హంతకుడెవరో మేమే తేల్చుకుని నిద్రపోయేవాళ్లం. ఇరవై ఏళ్ల కిందట చర్చి రహస్యాలు, పునరుజ్జీవన కాలపు చిత్రాలు, అర్ధరాత్రి మ్యూజియంలో శవం, ఈ సరుకుతో డాన్ బ్రౌన్ 'డావిన్చీ కోడ్' లాంటి ఇంగ్లిషు నవలలు వెల్లువెత్తినప్పుడు అక్క బ్యాంకుకు వెళ్లే బస్సులోనే అన్నీ చదివేసింది. పదవీ విరమణ డబ్బు చేతికి రాగానే ఫోను చేసి, "ఆ బొమ్మలన్నీ ఒకసారి కళ్లారా చూసొద్దాం, పదవే" అంది. నిరుడు అక్టోబరులో మిలాన్, ఫ్లోరెన్స్, రోమ్ తిరిగి వచ్చాం.

మిలాన్‌కు విమానం టికెట్ కొనేముందే యేసు శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని లియొనార్డో డావిన్చీ గోడ మీద వేసిన 'కడరా భోజనం' చూడటానికి టికెట్ కొనుక్కోండి. కొన్ని నెలలవి ఒక్కసారే అమ్మకానికి పెడతారు, చూస్తుండగానే అయిపోతాయి. మనిషికి 15 యూరోలు, లోపల ఉండనిచ్చేది 15 నిమిషాలు. అంటే నిమిషానికి ఒక యూరో అని అక్క అక్కడికక్కడే లెక్క కట్టింది. శాంతా మరియా దెల్లే గ్రాత్సియే చర్చి పక్కనున్న మఠంలో సన్యాసుల భోజనశాల అది. తేమ, దుమ్ము లోపలికి పోకుండా గాజు తలుపుల గదులు దాటిస్తారు. వెనక తలుపు మూసుకున్నాకే ముందు తలుపు తెరుచుకుంటుంది. నవలలో ఇనుప ఖజానాలోకి వెళ్తున్నట్టే ఉందని అక్క మురిసిపోయింది.

చిన్నప్పుడు మా వీధిలో ఒక క్రైస్తవుల ఇంట్లో, గోడ గడియారం కింద ఈ బొమ్మ అద్దాల చట్రంలో ఉండేది. అందువల్ల నా మనసులో దాని కొలత క్యాలెండరంత. లోపలికి వెళ్లి చూస్తే గోడ గోడంతా అదే: దాదాపు 8.8 మీటర్ల వెడల్పు, 4.6 మీటర్ల ఎత్తు. తడి సున్నం మీద గబగబా వేయడం ఇష్టం లేక లియొనార్డో 1495 నుంచి 1498 దాకా పొడి గోడ మీద తీరిగ్గా వేశాడు. ఫలితంగా ఆయన బతికుండగానే రంగు పెచ్చులూడటం మొదలైంది. 1652లో గోడకు తలుపు కోస్తూ యేసు పాదాలనే తీసేశారు. 1943 ఆగస్టులో బాంబు పడి భోజనశాల చాలావరకు కూలినా, ఇసుక బస్తాలు అడ్డుపెట్టిన ఈ గోడ నిలిచింది. ఆ పైన 1978 నుంచి 1999 దాకా, ఇరవై ఒక్క ఏళ్లు, పాత మరమ్మతుల పూతలు ఒలిచి శుభ్రం చేశారు.

'డావిన్చీ కోడ్' చదివినవాళ్లందరి కళ్లూ యేసు కుడిచేతి పక్కనున్న మనిషి మీదే. గడ్డం లేని లేత ముఖం, వంగిన మెడ. యేసు అనుచరురాలు మగ్దలేనే మరియ అంటుంది నవల. చరిత్రకారులు శిష్యుడు యోహాను అంటారు. ఆ రోజుల్లో ఫ్లోరెన్స్ చిత్రకారులు యోహానును గడ్డం రాని కుర్రవాడిగానే వేసేవారు. అది చాలదన్నట్టు, ఎవరిదో తెలియని కత్తి పట్టిన చెయ్యి ఒకటుందన్న ప్రచారమూ ఉంది. దగ్గరగా చూడండి: అది ఇంకో శిష్యుడు పేతురు చెయ్యే. మణికట్టు మెలితిప్పి నడుముకు ఆనించి కత్తి పట్టుకున్నాడు. నేనూ నా మణికట్టు అలా తిప్పి చూసుకుంటుంటే కాపలా ఆవిడ నవ్వింది. పన్నెండో నిమిషంలో అక్క వెనక్కి తిరిగి ఎదుటి గోడ చూపించింది. మోంతోర్ఫానో అనే చిత్రకారుడు 1495లో వేసిన సిలువ దృశ్యం అది. తడి సున్నం మీద వేసింది కాబట్టి రంగులు ఇప్పటికీ నిక్షేపంలా ఉన్నాయి. మా గుంపులో దానివైపు తిరిగింది మేమిద్దరమే. పాపం, ఆయన మీద ఎవరూ నవల రాయలేదు.

మిలాన్‌లో రైల్వే స్టేషను పక్కన బస చేశాం. పెట్టెలు ఈడ్చుకోవడానికి సుఖమే, రాత్రంతా ట్రాముల చప్పుడు. ఒక్క రాత్రికి చాలు.

ఫ్లోరెన్స్ వేగరైల్లో రెండు గంటల దారి. ఆర్నో నదికి అవతలి ఒడ్డున ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నాం. 'రెండో అంతస్తు' అన్నారు, ఎక్కితే 74 మెట్లు, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్ల లెక్క ముందే అడగండి. వంటగది ఉండబట్టి అక్క తెచ్చిన కందిపొడి, అక్కడి బియ్యంతో రెండు రాత్రులు గడిచాయి. ఆ ఇంటిని క్షమించేశాను.

ఈ ప్రయాణంలో పెట్టిన ప్రతి యూరోకూ న్యాయం జరిగిన చోటు ఇక్కడి పాత రాజభవనం పలాత్సో వెక్కియో. మామూలు టికెట్ కాకుండా రహస్య మార్గాల సందర్శన అని విడిగా ఉంది, అదే తీసుకోండి. పదిమందిని వెంటబెట్టుకుని, గోడలో దాగిన సన్నటి మెట్ల మీదుగా ఒకప్పుడు ఊరినేలిన కోసిమో ప్రభువు తన విలువైన వస్తువులు దాచుకున్న చిట్టి గదికీ, ఆయన కొడుకు ఫ్రాంచెస్కో కిటికీ లేని అధ్యయన మందిరానికీ, చివరికి ఐదువందల మంది సభామందిరం అటక మీదికీ తీసుకెళ్తారు. కింద నుంచి బంగారు పూతతో మెరిసే కప్పును పైనుంచి మోస్తున్న దూలాలు చూస్తే మన పెంకుటిళ్ల అటక గుర్తొచ్చింది. అదే చెక్క వాసన.

కిందికి దిగి ఆ సభామందిరంలో పదహారో శతాబ్దపు చిత్రకారుడు వసారి వేసిన మార్చియానో యుద్ధచిత్రం ముందు నిలబడ్డాం. చాలా ఎత్తున, సైనికుల మధ్య, ఒక ఆకుపచ్చ జెండా మీద రెండు తెల్లని మాటలు: 'చెర్కా త్రోవా'. వెతికితే దొరుకుతుందని అర్థం. దుర్భిణి లేకపోతే కనబడవు. ఈ చిత్రం వెనక లియొనార్డో వదిలేసిన అంగియారీ యుద్ధచిత్రం దాగి ఉందని మౌరిత్సియో సెరచీని అనే ఇంజనీరు దశాబ్దాలు వెతికాడు. 2011లో వసారి చిత్రానికి సన్నటి రంధ్రాలు వేసి మరీ చూశారు. గగ్గోలు పుట్టి 2012లో పని ఆగింది. గోడ పూత పనికిరాక లియొనార్డో అసలు అక్కడ రంగే వేయలేదని 2020లో కొందరు పండితులు తేల్చారు. అక్క ఒప్పుకోలేదు. "వాళ్లు వెతకలేదు కాబట్టి దొరకలేదు" అంది. చివరి పేజీ చిరిగిన పుస్తకంతో పెరిగిన మనిషి మరి.

రోమ్‌లో కన్యాస్త్రీలు నడిపే అతిథిగృహంలో దిగాం. తెల్లటి దుప్పట్లు, మంచం పైన సిలువ, పొద్దున రొట్టె, జామ్, చిక్కటి కాఫీ. రాత్రి 11 గంటలకు గేటు మూసేస్తారు. ఊరి పన్ను మాత్రం నగదుగా కట్టమన్నారు. హోటళ్ల ధరలో సగానికి ఇంత శుభ్రత, ఇంత నిశ్శబ్దం దొరకవు. మళ్లీ వెళ్తే అక్కడే.

డబ్బు దండగైంది డాన్ బ్రౌన్‌దే ఇంకో నవల 'ఏంజెల్స్ అండ్ డీమన్స్' పేరు చెప్పి వ్యాన్‌లో తిప్పే యాత్రకు. మనిషికి 90 యూరోలు. శాంతా మరియా దెల్ పోపోలో చర్చిలో, చిత్రకారుడు రఫాయెల్ రూపకల్పన చేసిన కీజీ ప్రార్థనాలయం ముందు గైడ్ ప్రవక్త హబక్కూకు విగ్రహం చూపించి, దేవదూత వేలు ఎటు చూపుతోందో నవలలో ఉన్నట్టే అప్పజెప్పాడు. నేల మీదున్న పాలరాతి అస్థిపంజరాన్ని దాటుకుంటూ వెళ్లిపోయాడు. అసలు పొడుపుకథ అక్కడుంది! దాని దగ్గర 'మోర్స్ అద్ కాయెలోస్' అని లాటిన్ రాత, మరణం స్వర్గానికి దారి అని. అందులో నాలుగు అక్షరాలు మాత్రం పెద్దవిగా చెక్కారు. ఎమ్, డి, సి, ఎల్. రోమన్ అంకెలుగా కలిపితే 1650, చర్చి జూబిలీ సంవత్సరం. ఎవరూ దాచలేదు, నేల మీదే ఉంది. అదే చర్చిలో పేరుమోసిన చిత్రకారుడు కారవాజ్జో చిత్రాలు రెండున్నాయి, వాటికీ గైడ్ సమయం ఇవ్వలేదు. నేను ఉండబట్టలేక వెనక్కి పరిగెత్తి, పెట్టెలో నాణెం వేశాను. దీపం వెలిగింది, గుర్రం కింద చేతులు చాచి పడిపోయిన పౌలు చీకట్లోంచి బయటికొచ్చాడు. దీపం ఆరేలోపు వ్యాన్ హారన్ మోగింది.

ఆ తర్వాత శాంతా మరియా దెల్లా విత్తోరియా చర్చికి తీసుకెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. రోమ్‌లో చాలా చర్చిలు మధ్యాహ్నం మూస్తారు. రోజూ తిప్పే మనిషికి తెలియదా? డబ్బు వెనక్కి అడిగితే నవ్వి ఊరుకున్నాడు. మర్నాడు సాయంత్రం సిటీ బస్సులో మేమే వెళ్లి శిల్పి బెర్నీనీ చెక్కిన సాధ్వి తెరేసా విగ్రహం కరువుదీరా చూశాం. పైన కనబడని కిటికీ నుంచి వెలుగు బంగారు కిరణాల మీద పడేలా అమర్చాడాయన. ఈ చర్చిల్లో ప్రవేశం ఉచితం. భుజాలు, మోకాళ్లు కప్పుకుంటే చాలు. పంజాబీ డ్రెస్సుకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

వాటికన్ రహస్య పత్రాగారం చూడాలని అక్క కోరిక. మనలాంటివాళ్లను రానివ్వరు, పరిశోధకులకు మాత్రం 1881 నుంచి తెరిచే ఉంది. పాత పేరులో 'సెక్రెటుమ్' అంటే పోపు సొంతమని అర్థమట. ఈ అపార్థాల బెడద పడలేకనేమో 2019లో ఆ మాటే తీసేశారు.

చివరి సాయంత్రం నవోనా చౌకులో, 1651లో పూర్తయిన బెర్నీనీ నాలుగు నదుల ఫౌంటెన్ దగ్గర కూర్చున్నాం. నైలు నది విగ్రహం ముఖాన ముసుగు, ఆ నది పుట్టుక అప్పటికి తెలియదని. ఇంకోవైపు చేతిలో పొడవాటి తెడ్డుతో, బవిరిగడ్డంతో కండలు తిరిగిన మగమనిషి. ఎవరా అని ఫోనులో చూస్తే, గంగ. మన గంగమ్మే.

అక్క ఐస్‌క్రీమ్ తినడం ఆపి కాసేపు అలాగే చూసింది. "యోహాను ఆడమనిషా అని అంత పెద్ద నవల రాశారు కదే" అంది. "ఇక్కడ గంగకు గడ్డం పెడితే ఒక్కరూ అడగలేదా?"