ఎలక్ట్రానిక్ గేర్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత ఒక బటన్ సెల్ మీద ఫిర్యాదు

నాలుగేళ్లుగా ఎలక్ట్రానిక్ గేర్ల సైకిలే నడుపుతున్నాను. గేరు ఎంత చక్కగా పడుతుందో వాడినవారందరికీ తెలుసు కాబట్టి, నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన ఒక్క విషయమే, అంటే షిఫ్టర్లలో (హ్యాండిల్ మీది గేరు మీటల్లో) దాగి ఉండే చిన్న బటన్ సెల్ గురించే రాస్తాను.

చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే డిరైలర్ బ్యాటరీని నేనెప్పుడూ అశ్రద్ధ చేయలేదు. నిండా చార్జి చేస్తే దాదాపు 60 గంటలు నడుస్తుందన్నా, ప్రతి ఆదివారం రాత్రి దాన్ని చార్జర్‌లో పెట్టేవాణ్ణి. షిఫ్టర్లలోని సీఆర్2032 సెల్ రెండేళ్ల దాకా ముట్టుకోనక్కర లేనిది కావడంతో దాని సంగతే మరిచిపోయాను. మూడో ఏడు నడుస్తుండగా, ఒక పొడవైన కొండదారి మొదట్లో ఎడమ మీట నొక్కితే ఏమీ జరగలేదు. నా సైకిల్‌లో కుడి మీట గేరును బరువు చేస్తుంది, ఎడమది తేలిక చేస్తుంది. ఎక్కవలసిన చోట నాకు బరువు గేర్లే మిగిలాయి. డిరైలర్ మీది దీపం ఆకుపచ్చగానే వెలుగుతున్నా, అనుమానంతో ముందు, వెనుక డిరైలర్ల బ్యాటరీలను అటూ ఇటూ మార్చి పావుగంట పోగొట్టుకున్నాను. చివరకు కుడి షిఫ్టర్ రబ్బరు తొడుగు మడిచి, మూత తీసి, అందులోని సెల్‌ను ఎడమవైపు అమర్చాను. మీట నొక్కగానే వెనుక మోటారు సన్నగా గుర్రుమని, చైన్ పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కింది. కొండ పైకి చేరాక అదే సెల్‌ను మళ్లీ కుడివైపుకు మార్చుకుని దిగాను.

మామూలు గేర్లలో కేబుల్ తెగే ముందు గేరు బద్ధకిస్తుంది, మీట బిగుసుకుంటుంది, చేతికి ముందే తెలిసిపోతుంది. ఇక్కడ చివరి నొక్కు వరకూ అంతా సవ్యంగానే ఉంటుంది. షిఫ్టర్ మీది చిన్న ఎర్రదీపం హెచ్చరిస్తుందన్నది నిజమే గానీ, ఎండలో రోడ్డు మీద దృష్టి పెట్టినవాడికి అది కనబడదు.

‘ఈ గేర్లను ఒకసారి సరిచేస్తే మళ్లీ చూడనక్కర లేదు’ అని మొదటి ఏడాది అందరికీ చెప్పేవాణ్ణి. సాగడానికి కేబులే లేదు కాబట్టి ఆ మేరకు అది నిజం. సైకిల్ కుడివైపుకు పడి, వెనుక డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగినప్పుడు మాత్రం మోటారు చేయగలిగింది ఏమీ లేకపోయింది. వంపు తీయించే దాకా చైన్ పక్క చక్రానికి తగులుతూనే ఉంది.

అయినా నేను వెనక్కి వెళ్లను. నాకు మణికట్టు నొప్పి ఉంది, వేలితో తాకితే గేరు మారడం నాకు పెద్ద ఊరట. పైగా ఏ రోజుకారోజు ఇల్లు చేరుకునేవాణ్ణి. చార్జింగ్ దొరకని దారుల్లో వారాల తరబడి తిరిగేవారికైతే కేబుల్ గేర్లే మేలనిపిస్తుంది. ఇప్పుడు సీటు కింది సంచిలో రెండు కొత్త సెల్స్ ఉంచుకుంటున్నాను. ఏడాదికోసారి రెండు షిఫ్టర్లలోనూ ఒకేసారి మారుస్తున్నాను.