మిల్లు కాంటా దగ్గర బ్లూ కట్ అద్దాలు: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా. బ్లూ కట్ అంటే తెరల నుంచి, లైట్ల నుంచి వచ్చే నీలం వెలుగును అడ్డుకోవడానికి కళ్లద్దాలకు వేసే పూత. దాంతో నిద్ర బాగా పడుతుందని, కళ్ల మంట తగ్గుతుందని చెప్పి అమ్ముతారు. ఆ పూత వేసిన తెల్ల అద్దాలు చెడ్డవేం కావు. కానీ ఆ పూత కోసం అదనంగా తీసుకునే డబ్బులకు నాకు నిద్రలో తేడా కనబడలేదు, కళ్ల మంటలోనూ కనబడలేదు. నారింజ రంగు అద్దాల సంగతి వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తా.

నా పని మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా దగ్గర, కంప్యూటర్ మీద. యాసంగి కోతలు మొదలైతే సాగర్ ఎడమ కాల్వ కింది ఊళ్ల నుంచి ట్రాక్టర్లు రాత్రంతా లైను కడతాయి. నిండు బండి తూకం, తేమ శాతం, ఖాళీ బండి తూకం, చీటీ. నెత్తి మీద తెల్ల ట్యూబ్‌లైటు, ఎదురుగా మానిటర్, కిటికీలోంచి ఫోకస్ లైటు. తెల్లారి డ్యూటీ దిగి ఇంటికొచ్చి పడుకుంటే పొద్దెక్కేదాకా కళ్లు మూతపడవు. సాయంత్రం లేచేసరికి కంట్లో ఇసుక పోసినట్టు ఉంటుంది. బ్లూ కట్ కొన్నది ఈ రెండింటి కోసమే.

షాపులో ఒక పరీక్ష చేసి చూపిస్తారు, మీరూ చూసే ఉంటారు. పెన్ను లాంటి చిన్న లైటును కార్డు మీద వేస్తే ఊదా మరక పడుతుంది. మధ్యలో బ్లూ కట్ అద్దం పెడితే మరక పడదు. చూడ్డానికి భలే ఉంటుంది. కానీ అలాంటి పెన్నుల్లో సాధారణంగా వచ్చేది 405 నానోమీటర్ల (వెలుగు ఏ రంగుదో చెప్పే తరంగం పొడవు కొలత) దగ్గరి ఊదా వెలుగు. మన ఎల్‌ఈడీ బల్బులోనూ ఫోనులోనూ నీలం ఎక్కువగా ఉండేది 450 చుట్టుపక్కల. ఇక నిద్రవేళను కదిలించే వెలుగు 480 చుట్టుపక్కల. అంతదాకా గట్టిగా అడ్డుకునే అద్దం తెల్లగా ఉండటం కుదరదు, పసుపో నారింజో అయి తీరాలి. అంటే ఆ పెన్ను పరీక్షలో అద్దం నెగ్గినా మన నిద్రకు ఒరిగేది పెద్దగా లేదు.

ఈ 480 ఎందుకంటే, కంటి వెనక రెటీనాలో చూపు కోసం ఉండే రాడ్లు, కోన్లు కాక ఇంకో రకం కణాలున్నాయి. వాటిలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఇవి స్వయంగా వెలుగును పసిగడతాయని 2002లో తేలింది. బొమ్మ చూడటం కంటే వీటి ముఖ్యమైన పని బయట ఎంత వెలుగుందో మెదడులో నిద్ర, మెలకువల వేళలు నడిపే గడియారానికి చేరవేయడం. వెలుగు గట్టిగా ఉంటే నిద్రవేళ హార్మోన్ మెలటోనిన్ తగ్గిపోతుంది. చూపు పూర్తిగా పోయినా ఈ కణాలు మిగిలిన కొందరికి పగలూ రాత్రీ తేడా ఒంటికి తెలుస్తూనే ఉంటుంది. కణం లోపల ఆ గడియారం ఎలా తిరుగుతుందో ఈగల మీద పరిశోధించి చెప్పినందుకు ముగ్గురికి 2017లో నోబెల్ ఇచ్చారు.

మామూలుగా ఆఫీసు గదిలో వెలుగు కొన్ని వందల లక్స్ ఉంటుంది. ఎండెక్కిన పొద్దున్న బయట అది వేలల్లో, నడిమధ్యాహ్నం లక్ష దాకా. రాత్రంతా మానిటర్ ముందు కాస్త నీలం తగ్గించుకుని, తెల్లారి అద్దంకి రోడ్డు మీద ఎదురెండలో ఇంటికొస్తే గడియారానికి అందే కబురు ‘పగలైంది, లే’ అనే. మా ఇంట్లో నా నిద్రను మార్చింది కిటికీకి కట్టిన దళసరి నల్ల గుడ్డ. దాని ఖర్చు ఒక సినిమా టికెట్టంత కూడా లేదు.

నారింజ అద్దాలు మాత్రం పనిచేశాయి. డ్యూటీ చివర్లో, ఇంటికొచ్చే దారిలో పెట్టుకుంటే పడుకున్నాక నిద్ర తొందరగా పడుతోంది. పెట్టుకుంటే నీలం టార్పాలిన్ నల్లగా కనిపిస్తుంది, చీటీ మీది నీలం ఇంకు సరిగ్గా ఆనదు. హమాలీలు నవ్వుతారు, నవ్వనీ. కానీ బైకు నడుపుతూ పెట్టుకోవద్దు. తెల్లవారుజామున ఒళ్లు ఎలాగూ నిద్రమత్తులో ఉంటుంది, ఆ మనిషికి వెలుగు ఇంకా తగ్గిస్తే ప్రమాదమే. మిల్లు బండిలో దింపిన రోజుల్లోనే నేను వాడతా. డ్యూటీ మొదట్లో కూడా వద్దు, అప్పుడు కావాల్సింది మెలకువ.

ఇక కళ్ల మంట. బ్లూ కట్ వల్ల కళ్ల అలసట తగ్గుతుందా అని 17 ప్రయోగాలను కలిపి చూసిన కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టి చూసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష 2023లో వచ్చింది. మామూలు అద్దాలతో పోలిస్తే తక్కువ కాలంలో తేడా ఉండకపోవచ్చని తేల్చింది. నా అనుభవమూ అదే. తెర చూస్తున్నప్పుడు మనిషి రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, దానికి తోడు నాకు మొహం మీదికే టేబుల్ ఫ్యాను, గాల్లో ఊక దుమ్ము. ఫ్యానును కాళ్ల వైపు తిప్పా. ఒక లారీ డ్రైవరు ఒకసారి ‘అన్నా, కండ్లు ఎర్రగైనయ్, జర మూసుకో’ అన్నాడు. అప్పట్నుంచి బండి కాంటా ఎక్కి స్థిరపడేలోపు కళ్లు మూసుకోవడం అలవాటైంది. ఆ కాసేపే చాలా మేలు.

అసలు కారణాల్లో ఒకటి చత్వారం. 2023లో ప్రభుత్వం ఉచితంగా కళ్లు పరీక్షించే కంటి వెలుగు రెండో విడత మా వార్డుకొచ్చినప్పుడు బయటపడింది. అక్కడిచ్చిన దగ్గరి చూపు అద్దాలతో పేపరు శుభ్రంగా కనిపించింది గానీ, మానిటర్ ఇంకాస్త దూరం కాబట్టి మసక. మెడ ముందుకు చాచి చూడాల్సి వచ్చేది.

బ్లూ కట్ పూత మీద ఇంకో ఫిర్యాదు. ఊక దుమ్ము పడ్డ అద్దాన్ని చొక్కా అంచుతో తుడిస్తే సన్నని గీతలు పడతాయి. రాత్రి లారీ హెడ్‌లైటు పడితే ఆ గీతలన్నీ మెరుస్తాయి. ముందు నీళ్లతో కడిగి, తర్వాతే తుడవాలి. ఫొటో దిగితే కళ్ల మీద నీలి మెరుపొకటి.

తెల్ల బ్లూ కట్‌కు నేనిచ్చేది ఐదుకు రెండు, నారింజకు నాలుగు. మొన్న ఫ్రేము విరిగితే టేపు పెట్టి కంటికీ మానిటర్‌కీ మధ్య దూరం కొలుచుకుని వెళ్లి, ఆ దూరానికి నంబరు వేయించుకున్నా. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వెళ్లలేదు, నిద్రపోయి లేచి సాయంత్రం వెళ్లి చూపించుకున్నా. పూత మామూలు యాంటీ గ్లేరే, అద్దం మీద లైటు మెరుపు తగ్గించేది. షాపు కుర్రాడు మళ్లీ పెన్ను లైటు తీశాడు, అక్కర్లేదన్నా.