పర్లాకిమిడి జిరాక్స్ కొట్టులో కొయింబ్రా వజీరు, 4 స్టార్లు

షాపు పేరు రాయట్లేదు, కంప్లైంట్ కూడా ఉంది కాబట్టి, పాపం మనిషి మంచోడు. పర్లాకిమిడి బజార్లో పొలం కాగితాలు జిరాక్స్ తీసే చిన్న కొట్టు. నేను పట్టుకెళ్లింది మాత్రం పోర్చుగల్ కాగితాలు, 140 పేజీలు, పెన్‌డ్రైవ్‌లో. సిస్నాందో అని ఒకాయన, 1064లో లియోన్ (ఇప్పటి స్పెయిన్‌లోది) రాజు ఫెర్నాందో పోర్చుగల్‌లోని కొయింబ్రా ఊరు గెలిచి ఇతన్ని గవర్నర్‌గా పెట్టాడు, 1091లో పోయేదాకా ఊరు ఇతని చేతిలోనే, ఇతని పేరున్న దస్తావేజులన్నీ ఒకచోట బైండ్ చేయించుకుందామని నా సరదా.

ప్రింట్ అయితే సూపర్, చిన్నక్షరాల ఫుట్‌నోట్లు కూడా మసకలేదు. పేజీలు సర్దుతూ ఓనరు ఒకచోట ఆగాడు. "ఇదేటి బాబూ, అల్వజీర్ అని ఉంది, సాయిబా?" కాదన్నా, క్రైస్తవుడే, కాపోతే ముందు స్పెయిన్‌లో సెవిల్లా ముస్లిం రాజు కొలువులో చేశాడు, ఆ వజీరు బిరుదు ఇటొచ్చాక కూడా వదల్లేదు. "మనకిలాగే, ఇంట్లో తెలుగు, తహసీల్ ఆఫీసులో ఒడియా" అని నవ్వీశాడు. అక్కడిదే గ్రనాడా, దాని ముస్లిం రాజు అబ్దుల్లా ఆత్మకథలో కూడా ఉన్నాడు ఈ సిస్నాందో, ఈ దేశం మొదట మాది, అరబ్బులు లాక్కున్నారు, మళ్లీ తీసుకుంటాం అని ఆ రాజుకే మొహమాటం లేకుండా చెప్పాడట. రాయబారిగా వెళ్లినోడు!

"మరి ఒరిజినల్స్ ఎక్కడున్నాయి?" పొలం కాగితం తెచ్చిన ప్రతోడినీ అడిగేదే. చాలావాటికి లేవన్నా, కొయింబ్రా చర్చి వాళ్లు తర్వాత ఒక పుస్తకంలోకి ఎత్తి రాయించుకున్నారు, లివ్రో ప్రెతో అంటారు, అంటే నల్ల పుస్తకం, ఇప్పుడు లిస్బన్‌లో ఉంది. "అయితే ఇదీ జిరాక్సే" అన్నాడు, మా వృత్తే అన్నట్టు.

ఇక కంప్లైంట్. 1087లో అప్పటి లియోన్ రాజు అల్ఫోన్సో వెంట యుద్ధానికి బయల్దేరే ముందు, తిరిగొస్తానో లేదో అని సిస్నాందో వీలునామా రాయించాడు. నేను ఇదంతా మొదలెట్టిందే ఆ పేజీ కోసం. సరిగ్గా దానికే మార్జిన్ వదల్లేదు, స్పైరల్ చిల్లులు లైను మొదటి అక్షరాల్లోంచి పోయాయి. చూపిస్తే ఏమీ వాదించలేదు, మళ్లీ ప్రింట్ తీసి ఫ్రీగా కట్టిచ్చాడు గానీ నాకు ఇంకో గంట పట్టింది. ఒక స్టార్ అందుకే కట్. వెళ్లేవాళ్లు మార్జిన్ సంగతి ముందే చెప్పండి, పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే పొలం పట్టాలు తెచ్చినోళ్ల క్యూ రోడ్డు మీదికొచ్చేస్తది.