హైదరాబాద్ నుంచి ఒంగోలు: అద్దంకి రోడ్డా, బెజవాడ మీదుగానా, సాగర్ రోడ్డా?

పండక్కి ఊరెళ్ళాలంటే ప్రతిసారీ మా కార్లో ఇదే గొడవ, నార్కట్‌పల్లిలో కుడికి, అద్దంకి రోడ్డులోకి తిప్పుదామా, నేరుగా బెజవాడ పోదామా అని. నేను తిప్పే బ్యాచ్, మా నాన్న బెజవాడ బ్యాచ్, మా బామ్మర్దికేమో సాగర్ రోడ్డు తప్ప ఇంకోటి ఆనదు.

కిలోమీటర్లయితే బెజవాడ, గుంటూరు మీదుగా 400 దాటుద్ది, అద్దంకి రోడ్డెక్కితే 330 అటూ ఇటూ. అంటే 70-80 కిలోమీటర్ల డీజిల్ మిగిలినట్టే కదా. టోల్ ఏమన్నా తప్పుద్దా అంటే అదీ లేదు, పంతంగి గేటు ఈ రెండిట్లో ఎటెళ్ళినా కట్టాల్సిందే, కొర్లపహాడ్, చిల్లకల్లు తప్పించుకున్నామనుకునేలోపు ఇటు మాడుగులపల్లి, తుమ్మలచెరువు తగులుతాయి.

ఈ అద్దంకి రోడ్డు పేరుకి స్టేట్ హైవేనే. నార్కట్‌పల్లి నుంచి నల్గొండ, మిర్యాలగూడ, దాచేపల్లి, పిడుగురాళ్ళ, నరసరావుపేట పక్కగా అద్దంకి దాటి మేదరమెట్ల దగ్గర చెన్నై హైవేలో కలుస్తుంది, మొత్తం 212 కిలోమీటర్ల పైచిలుకు, బీఓటీ కింద, అంటే ప్రైవేటు కంపెనీ వేసి టోల్ వసూలు చేసుకునే పద్ధతిలో, నాలుగు లైన్లు చేశారు. నాకు నచ్చేది ఏంటంటే సాగర్ ఎడమ కాలవ ఆయకట్టు, కుడి కాలవ ఆయకట్టు రెండూ ఒకే రోడ్డు మీద చూడొచ్చు, మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లులు, ఒకసారి ఊక లారీ వెనక ఇరుక్కుంటే అద్దం నిండా ఊకే, వైపర్ వేస్తే ఇంకా అలికింది. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది, వంతెన దాటితే పొందుగల, 2014 ముందు అది జిల్లా బోర్డరు, ఇప్పుడు రాష్ట్రం బోర్డరు, లాక్‌డౌన్‌లో జనం ఇక్కడే ఆగిపోయారు. అవతల రంగే మారిపోద్ది, దాచేపల్లిలో సిమెంటు, పిడుగురాళ్ళలో సున్నం బట్టీల తెల్లదుమ్ము. ఇక అద్దంకి అంటే 848 నాటి పండరంగని శాసనం దొరికిన ఊరు, తెలుగు పద్యం రాయి మీద చెక్కిన తొలి చోట్లలో ఒకటి, మనం మాత్రం దాని పక్కనుంచి 90 స్పీడులో వెళ్ళిపోతాం.

స్పీడే దీని మైనస్. రోడ్డు ఖాళీగా కనపడేసరికి కాలు ఆగదు, పల్లెల దగ్గర బర్రెలు, రాంగ్ రూట్లో ట్రాక్టర్లు. 2018 ఆగస్టు 29న నటుడు నందమూరి హరికృష్ణ గారు పోయింది ఈ రోడ్డు మీదే, నల్గొండ దగ్గర అన్నెపర్తిలో, ఆయన నెల్లూరు వైపు పెళ్ళికి బయల్దేరారు.

బెజవాడ రూటుకి ప్లస్ ఏంటంటే రాత్రి పూట కూడా ఒంటరిగా అనిపించదు, హోటళ్ళు, బాత్‌రూములు, పంక్చర్ షాపులు దండిగా ఉంటాయి. పెద్దోళ్ళతో వెళ్తే అది చిన్న విషయం కాదు, మా నాన్న వాదన అదే, ఒప్పుకోవాలి. కానీ సంక్రాంతికి మాత్రం ఆ రోడ్డు జోలికి పోవద్దు, గుంటూరు వెళ్ళేవాళ్ళనే పోలీసులు నల్గొండ వైపు మళ్ళిస్తుంటారు, ఒంగోలోళ్ళకి అక్కడేం పని?

సాగర్ రోడ్డు ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా పోతుంది, మాచర్ల దాటి వినుకొండ వైపు దిగాలి. టైమ్ చూసుకునేవాళ్ళకి కాదిది. వరదొచ్చి డ్యామ్ 26 గేట్లూ ఎత్తారంటే మాత్రం వెళ్ళండి, పిల్లలు అక్కణ్ణుంచి కదలనంటారు.

నా ఓటు పగలైతే అద్దంకి రోడ్డుకే, తెల్లారి 5కి ఎల్బీ నగర్ దాటేస్తే టిఫిన్ మిర్యాలగూడలో, భోజనం ఇంట్లో. రాత్రి 9 దాటి బయల్దేరాల్సి వస్తే నాన్న మాటే, ఎందుకంటే ఆ టైమ్‌కి డ్రైవింగ్ నేనే చేస్తాను కానీ నిద్రపోకుండా కబుర్లు చెప్పేది ఆయనే.