జావర్‌లో గని చూపిస్తామని 3,500 తీసుకున్నారు

ఉదయపూర్‌లో మూడు రోజులున్నాం. సరస్సులు, కోట బాగున్నాయి. నేను రాస్తున్నది మాత్రం అక్కడికి దగ్గర్లోని జావర్ అనే గనుల ఊరి గురించి.

హోటల్ పక్కనున్న ట్రావెల్స్ వాళ్లు సీసం, జింక్ గనిలోకి దింపి చూపిస్తామని, పర్మిషన్ బాధ్యత తమదని చెప్పి ఇద్దరికీ 3,500 తీసుకున్నారు. కారుకు వేరే 2,600. దక్షిణంగా 40 కిలోమీటర్లు వెళ్లాక గేటు దగ్గర సెక్యూరిటీ అతను మా కాగితం చూసి, ఇది చెల్లదన్నాడు. నడుస్తున్న గనిలోకి ఇలా డబ్బు కట్టిన వాళ్లనల్లా పంపరు, అతని తప్పేమీ లేదు. ట్రావెల్స్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. తిరిగొచ్చాక ఎంత గొడవపడినా 1,000 మాత్రమే వెనక్కి ఇచ్చారు. ఆ రోజు జావర్‌లో మా ఆవిడ "ఈ ఎండలో రాళ్ల కోసమా వచ్చింది?" అని కారు దిగలేదు.

జావర్ మాత గుడి దగ్గర, గనిలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కలిశారు. విషయం విని, "కింద చూసేదంతా పైన కూడా కనిపిస్తుంది, రండి" అని గుట్ట వైపు తీసుకెళ్లారు. అక్కడ రాతి పొరలు పడుకుని లేవు, నిలువుకు దగ్గరగా లేచి ఉన్నాయి. నల్లగా పలకలు పలకలుగా రాలేది ఫిల్లైట్. దాని పక్కనే బూడిదరంగులో గరుకుగా ఉన్నది డోలమైట్. 170 కోట్ల ఏళ్లకు ముందు సముద్రం అడుగున పేరుకున్న బురదా సున్నమూ ఇలా రాయిగా మారాయి. సీసం, జింక్ ఉండేది డోలమైట్‌లోనే. కొండలు మడతపడినప్పుడు ఫిల్లైట్ వంగింది, పెళుసు డోలమైట్ పగిలింది. ఖనిజం ఆ పగుళ్ల వెంట చేరింది. ఆయన తన దగ్గరున్న గెలీనా, అంటే సీసం ఖనిజం, ముక్క నా చేతిలో పెట్టారు. నిమ్మకాయంత రాయి చెయ్యి కిందికి లాగేసింది. నీటికి ఏడున్నర రెట్లు బరువు మరి.

పాతకాలం వాళ్లు కూడా ఆ బూడిదరంగు పొరనే పట్టుకుని తవ్వుకుంటూ పోయారు. పాత గనుల్లో దొరికిన కర్రల వయసు 2,000 ఏళ్లు దాటింది.

ఊళ్లో గోడలు చూశాక మా ఆవిడ కారు దిగింది. ఆ గోడలకు ఇటుకలు లేవు, వంకాయల్లాంటి మట్టి మూసలు, అంటే లోహం తీయడానికి కొలిమిలో పెట్టే పాత్రలు, పేర్చి కట్టారు. అన్నీ జింక్ తీసి పారేసినవే. జింక్ 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది, గాలి తగిలితే మండి బూడిదవుతుంది. అందుకే మూసను తలకిందులుగా పెట్టి, ఆవిరిని కింది చల్లని గదిలోకి దింపి పట్టుకున్నారు. 1983 తవ్వకాల్లో బయటపడ్డ కొలిముల్లో ఒక్కోదానికి 36 మూసలు పట్టేవి. ఇంతటి పనితనం చెత్తకుప్పల పక్కన పగిలి పడి ఉంటే నాకు చాలా బాధేసింది. దయచేసి ఎవరూ జ్ఞాపకంగా ఒక్కటి కూడా తీసుకురావద్దు.

వెళ్లేవాళ్లు కారుకు తప్ప ఎవరికీ డబ్బివ్వకండి. గని లోపల చూడాలంటే ముందుగా కంపెనీకే రాసి అడగండి. ఉదయాన్నే వెళ్లండి, పది దాటితే గుట్ట మీద నిలబడలేరు. మేము మాత్రం సాయంత్రం దాకా ఉండిపోయాం. బోటు టికెట్లు రెండూ, 800, పోయాయి. ఆ సంగతి మా ఆవిడ ఇంతవరకూ ఎత్తలేదు.